గీత వెడల్పా, గీత మెరుపా? లెన్సుల తనిఖీకి అంతర్జాతీయ ప్రమాణాలు తయారయ్యే తీరు

లెన్స్ డ్రాయింగు మీద ఓ మూల 60-40 అని రెండు అంకెలుంటాయి. ఆర్డరిచ్చే డిజైనరుకూ, పాలిష్ పట్టే వర్క్‌షాపుకూ, సరుకు దించుకుని చూసే ఇన్‌స్పెక్టరుకూ అవి బాగా తెలిసిన అంకెలే. మొదటిది గీతలకు, అంటే స్క్రాచ్‌లకు. రెండోది చిన్న గుంటలకు, అంటే డిగ్‌లకు. రెండో అంకె లెక్క సూటిగా ఉంటుంది. అది మిల్లీమీటరులో నూరో వంతుల్ని చెబుతుంది కాబట్టి 40 డిగ్ అంటే 0.40 మి.మీ. వ్యాసమున్న గుంట. చిక్కంతా మొదటి అంకె దగ్గరే. 60 స్క్రాచ్ అంటే ఎంత వెడల్పు అని అడిగితే ఒకరు 60 మైక్రాన్లంటారు, ఇంకొకరు 6 మైక్రాన్లంటారు. రెండూ తప్పే. నిర్ణీతమైన వెలుతురులో ఆ గీత కంటికి ఎంతగా మెరుస్తుందో, అదీ ఒక నమూనా పలక మీది గీతతో పోల్చి, ఆ అంకె చెబుతుంది.

ఈ సందిగ్ధంతోనే ఆ పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. దాని పక్కన మరో కొలతను నిలబెట్టి, చివరికి రెండింటినీ ఒకే పుస్తకంలోకి తేవడానికి అంతర్జాతీయ కమిటీకి 1996 నుంచి 2017 దాకా పట్టింది. ఆప్టికల్ భాగాల తనిఖీ ప్రమాణాలు ఎలా తయారవుతాయో, ఎక్కడ తడబడతాయో అర్థం కావాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. డ్రాయింగు మీది టాలరెన్స్ అంకెను, అంటే ఎంత లోపం దాకా ఒప్పుకోవచ్చో చెప్పే అంకెను, దాని పరీక్ష పద్ధతి నుంచి విడదీస్తే ఆ అంకెకు అర్థమే ఉండదని ఇది అడుగడుగునా చూపిస్తుంది.

కంటితో మొదలైన కొలత

కొడాక్ కంపెనీకి చెందిన మెక్లియోడ్, షెర్‌వుడ్ 1945లో అమెరికా ఆప్టికల్ సొసైటీ జర్నల్‌లో ఒక పద్ధతిని ప్రతిపాదించారు. యుద్ధకాలంలో బైనాక్యులర్లు, గన్‌సైట్లు, పెరిస్కోపులు లక్షల్లో కావాలి. ఒక్కో ఇన్‌స్పెక్టరు ఒక్కోలా తిరస్కరిస్తే ఉత్పత్తి ఆగిపోతుంది. అందుకని వేర్వేరు తీవ్రతల గీతలున్న నమూనా పలకలు తయారు చేసి, వాటితో పోల్చి చూడమన్నారు. అది సైనిక ప్రమాణంగా మారింది. మిల్-ఓ-13830 పేరుతో పాతుకుని, 1997లో మిల్-పీఆర్ఎఫ్-13830బీగా సవరణ పొందింది. స్క్రాచ్‌లకు 10, 20, 40, 60, 80, డిగ్‌లకు 5, 10, 20, 40, 50 వాడుక అంకెలయ్యాయి. మాస్టర్ నమూనాల బాధ్యత అమెరికా సైన్యానికి చెందిన పికాటినీ ఆయుధాగారానిది.

గీత మెరుపు దాని వెడల్పును బట్టి మాత్రమే మారితే గొడవే ఉండేది కాదు. గీత అడుగు ఆకారం, పక్కగోడల గరుకుతనం, కాంతి వచ్చే కోణం, చూసే కోణం, అద్దం వక్రీభవన గుణకం, మీద కోటింగ్ ఉందా లేదా అన్నవన్నీ మెరుపును మారుస్తాయి. లోతులేని వెడల్పాటి గీత ఒక్కోసారి దాదాపు కనిపించదు. పక్కలు చిట్లిన సన్నని గీత ధగధగా మెరుస్తుంది. ఒకే గీత దీపం కింద తిప్పుతుంటే ఒక దిశలో 40 లాగా, మరో దిశలో 80 లాగా అనిపించడం మామూలే. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఎన్‌బీఎస్‌లో మ్యాట్ యంగ్ 1980లలో ఈ విషయాన్ని లోతుగా పరిశీలించి, స్క్రాచ్ అంకె పైకి కనిపించే అందానికి సంబంధించిన ప్రమాణమే తప్ప పనితీరుకు కొలత కాదని తేల్చారు.

పనితీరు లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. 25 మి.మీ. వ్యాసమున్న లెన్స్ మీద 0.4 మి.మీ. గుంట ఉంటే అది ఆక్రమించే వైశాల్యం మొత్తంలో సుమారు 0.026 శాతం. కెమెరా ముందు లెన్స్‌లో అంత కాంతి పోయినా ఎవరికీ తెలియదు. అదే గుంట ప్రతిబింబ తలానికి దగ్గరగా, అంటే గురి గీతలుండే రెటికిల్ పలక మీదో, సెన్సరు కిటికీ మీదో ఉంటే బొమ్మలో నల్లచుక్కై కూర్చుంటుంది. కనుక లెన్సులన్నింటికీ ఒకే అంకె పెట్టడం డబ్బు వృథా. అవసరం లేని చోట 10-5 అడిగితే పాలిషింగ్ గంటలు పెరుగుతాయి, తిరస్కరణలు పెరుగుతాయి, ధర పెరుగుతుంది. అవసరమైన చోట 60-40తో సరిపెడితే పరికరమే పాడవుతుంది.

అంకెల వెనక లెక్క

60-40 అని రాస్తే 60 కంటే పెద్ద గీత, 40 కంటే పెద్ద గుంట ఉండకూడదని మాత్రమే చాలామంది అనుకుంటారు. అసలు నియమం అంతకంటే పెద్దది. 40 మి.మీ. వ్యాసమున్న లెన్స్‌ను తీసుకుందాం. గరిష్ఠ తరగతి గీతల, అంటే ఇక్కడ 60 గీతల, మొత్తం పొడవు వ్యాసంలో నాలుగో వంతు, అంటే 10 మి.మీ. దాటకూడదు. తర్వాత ప్రతి గీత అంకెను దాని పొడవుతో గుణించి వ్యాసంతో భాగించి, వచ్చినవన్నీ కూడాలి. గరిష్ఠ తరగతి గీత ఒక్కటైనా ఉంటే ఆ మొత్తం 60లో సగం, అంటే 30 దాటకూడదు. అలాంటిది లేకపోతే 60 దాకా వెళ్లొచ్చు.

ఆ లెన్స్ మీద 8 మి.మీ. పొడవున ఒక 60 గీత, 10 మి.మీ. చొప్పున రెండు 40 గీతలు ఉన్నాయనుకుందాం. మొదటిది 12, మిగతావి చెరి 10. మొత్తం 32. తిరస్కరించాల్సిందే. ఇంకో లెన్స్ మీద 60 గీతే లేదు, 10 మి.మీ. పొడవున్న 40 గీతలు ఐదున్నాయి. మొత్తం 50. అది పాస్. మూడు గీతలున్నది ఫెయిలై, ఐదు గీతలున్నది పాసైందేమిటని కొనుగోలుదారు ఫోన్ చేసే సందర్భం ఇదే. నియమం చదివినవాళ్ల మధ్య ఆ ఫోన్ అవసరం రాదు.

గుంటల లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ప్రతి 20 మి.మీ. వ్యాసానికి గరిష్ఠ పరిమాణపు గుంట ఒకటి చొప్పున, ఈ లెన్స్‌కు రెండు 0.40 మి.మీ. గుంటల దాకా ఒప్పుకోవచ్చు. అన్ని గుంటల వ్యాసాల మొత్తం, ప్రతి 20 మి.మీ.కి గరిష్ఠ గుంట వ్యాసానికి రెట్టింపు మించకూడదు. ఇక్కడ అది 1.6 మి.మీ. గుంట గుండ్రంగా లేకపోతే దాని పొడవు, వెడల్పుల సగటును వ్యాసంగా తీసుకుంటారు. 2.5 మైక్రాన్ల లోపు గుంటల్ని లెక్కించరు. డిగ్ అంకె 10 లేదా అంతకంటే చిన్నదైతే గుంటల అంచుల మధ్య కనీసం 1 మి.మీ. దూరం ఉండాలి.

వైశాల్యం వైపు

ఐరోపాలో దారి వేరు. జర్మనీ ప్రమాణాల సంస్థ డిన్ తెచ్చిన 3140 డ్రాయింగ్ ప్రమాణం కొలవగలిగిన పరిమాణాల మీద నిలబడింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓలో ఆప్టిక్స్, ఫోటానిక్స్ చూసే టీసీ 172 అనే సాంకేతిక కమిటీకి సచివాలయం కూడా డిన్ సంస్థే. ఆ కమిటీలో తయారైన ఐఎస్‌ఓ 10110 శ్రేణి ఆ వారసత్వాన్నే తీసుకుంది. లెన్స్ డ్రాయింగు మీద ఏ సంగతి ఎలా రాయాలో చెప్పే ఈ శ్రేణిలో ఒక్కో లోపానికి ఒక్కో సంకేత సంఖ్య ఉంటుంది. 0/ గాజులోని ఒత్తిడి వల్ల వచ్చే ద్వివక్రీభవనానికి, 1/ బుడగలకు, 2/ అసమరూపతకూ చారలకూ, 3/ ఉపరితల ఆకృతికి, 4/ కేంద్రీకరణకు, 5/ ఉపరితల లోపాలకు, 6/ లేజర్ దెబ్బకు. భాష తెలియని దేశంలో కూడా డ్రాయింగు చదవగలగాలన్నది ఉద్దేశం. ఈ సంకేతాల పద్ధతి నిజంగా గొప్ప పని. జపాన్‌లో గీసిన డ్రాయింగును అనువాదం లేకుండా హైదరాబాద్ వర్క్‌షాపులో చదవగలగడం దీని వల్లే సాధ్యం.

ఈ శ్రేణిలో ఉపరితల లోపాల సంగతి చెప్పే ఏడో భాగం 1996లో వచ్చింది. అందులో లోపానికి తరగతి సంఖ్య దాని వైశాల్యపు వర్గమూలం, మిల్లీమీటర్లలో. 5/3×0.25 అంటే 0.25 తరగతి లోపాలు మూడు దాకా ఉండొచ్చు. ఒక్కోదాని వైశాల్యం 0.0625 చదరపు మి.మీ., మొత్తం 0.1875. పెద్దవి లేకపోతే అదే మొత్తంలో చిన్నవి ఎక్కువ ఉండొచ్చు. తరగతులు 0.25, 0.16, 0.10, 0.063 ఇలా దిగుతాయి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా వైశాల్యం సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది కనుక సంఖ్య రెండున్నర రెట్లు పెరగొచ్చు. 0.16 తరగతివైతే ఏడు. గరిష్ఠ తరగతిలో 0.16 వంతు, అంటే ఇక్కడ 0.04 కంటే చిన్నవాటిని లెక్కలోకి తీసుకోరు. ఒకే చోట గుంపు కట్టకుండా మరో నియమం ఉంది. పరీక్షించే ప్రాంతంలో ఏ 5 శాతం భాగంలోనూ అనుమతించిన సంఖ్యలో 20 శాతం కంటే ఎక్కువ ఉండకూడదు.

పొడవు గీతలు ఈ లెక్కకు లొంగవు. 4 మైక్రాన్ల వెడల్పు, 10 మి.మీ. పొడవు ఉన్న గీత వైశాల్యం 0.04 చదరపు మి.మీ., తరగతి 0.2. అంతే వైశాల్యమున్న గుండ్రటి గుంట వ్యాసం 0.23 మి.మీ. రెండూ కాగితం మీద సమానం, కంటికి మాత్రం పోలికే లేదు. అందుకే 2 మి.మీ. దాటిన గీతల కోసం ఎల్ (L) అనే పదం వేరుగా పెట్టారు. అక్కడ అంకె గీత వెడల్పును చెబుతుంది. కోటింగ్ లోపాలకు సీ (C), అంచు పెచ్చులకు ఈ (E). పూర్తి వాక్యం ఇలా ఉంటుంది: 5/3×0.16, సీ 2×0.25, ఎల్ 1×0.006, ఈ 0.5.

శాస్త్రపరంగా ఇది మెరుగైన పద్ధతి. పరిశ్రమ మాత్రం దానికి తేలిగ్గా మారలేదు. కారణం కాలం. కంటితో పోల్చి చూసే ఇన్‌స్పెక్టరు ఒక లెన్స్‌ను సెకన్లలో తేలుస్తాడు. మైక్రాన్ల వెడల్పు గీతను మైక్రోస్కోపు కింద పెట్టి కొలిచి, వైశాల్యాలు కూడటానికి నిమిషాలు పడుతుంది. రోజుకు వందల లెన్సులు చూసే చోట అది నడవదు. అలా అమెరికా సైనిక ప్రమాణం ప్రపంచమంతటా కేటలాగుల్లో కొనసాగింది.

అమెరికాలోనే ఓఈఓఎస్‌సీ అనే ఆప్టిక్స్ ప్రమాణాల సంస్థ 2006లో ఓపీ1.002 పేరుతో ఈ పాత పద్ధతికి పౌర రూపం ఇచ్చింది. కంటి పోలిక, పరిమాణ కొలత రెండూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. ఈ పనే ఐఎస్‌ఓకు దారి చూపింది. 2017లో వచ్చిన ఐఎస్‌ఓ 10110-7 ముద్రణలో వైశాల్య పద్ధతితో పాటు కంటికి కనిపించే తీరు ఆధారంగా తరగతి ఇచ్చే పద్ధతినీ చేర్చారు. అదే ఏడాది పరీక్ష పద్ధతులు చెప్పే ఐఎస్‌ఓ 14997 కూడా సవరణ పొందింది. ఈ రెండూ కలిసి రావడమే అసలు విశేషం. డ్రాయింగు మీద ఏం రాయాలో ఒకటి, దాన్ని ఎలా చూడాలో ఇంకోటి చెబుతాయి. ఒకటి మారి రెండోది మారకపోతే డ్రాయింగు చెప్పేది ఒకటీ, తనిఖీ బల్ల మీద జరిగేది ఇంకొకటీ అవుతుంది.

తనిఖీ బల్ల దగ్గర తేడాలెలా వస్తాయి

ప్రమాణం రాసేవాళ్లు పోరాడేది చాలావరకు ఈ బల్ల దగ్గరి తేడాలతోనే. మొదటి శత్రువు దుమ్ము. నల్లటి నేపథ్యం ముందు, పక్క నుంచి వచ్చే వెలుతురులో దుమ్ము కణం గుంటలాగే మెరుస్తుంది. బ్లోయరుతో ఊది, ఆ తర్వాత లెన్స్ టిష్యూ మీద ఎసిటోనో ఐసోప్రొపైల్ ఆల్కహాలో వేసి ఒకే దిశలో మెల్లగా లాగాలి. ఊదకుండా తుడిస్తే దుమ్ములోని ఇసుక కణమే కొత్త గీత గీస్తుంది. తనిఖీలో పుట్టిన గీతకు తయారీదారు మీద నింద పడుతుంది. అందుకే శుభ్రం చేసే విధానం కూడా పరీక్ష పద్ధతిలో భాగమే.

రెండోది తిప్పడం. గీత ఏ దిశలో ఎక్కువ మెరుస్తుందో ఆ దిశలోనే నమూనాతో పోల్చాలి. అలాగే ఏ ఉపరితలం మీదుందో తేల్చాలి. వెనక తలం మీది గీత ముందు తలం మీద ఉన్నట్టు కనిపిస్తుంది. లెన్స్‌ను కొంచెం వంచితే అది పక్కకు జరుగుతుంది, అలా తెలుస్తుంది. భూతద్దం వాడొచ్చా అన్నది ముందే ఒప్పుకోవాలి. ఒకరు మామూలు కంటితో పాస్ చేసినదాన్ని ఇంకొకరు పది రెట్ల భూతద్దంతో చూస్తే దాదాపు ఏ లెన్సూ పాస్ కాదు. కోటింగ్‌కు ముందు పాసైన తలం కోటింగ్ తర్వాత ఫెయిల్ కావడం కూడా తరచూ జరిగేదే. పల్చటి పాలిషింగ్ గీతలు పొర పడ్డాక పైకి తేలతాయి. తనిఖీ ఏ దశలోనో డ్రాయింగులో రాయకపోతే ఈ నష్టం ఎవరి ఖాతాలోకన్న వాదన తప్పదు.

నమూనా పలకల సంగతి వేరే. గాజు మీద చెక్కినవి, ప్లాస్టిక్ మీద అచ్చు వేసినవి ఒకే అంకెతో ఉన్నా ఒకేలా మెరవవు. ప్లాస్టిక్‌వి వాడుకలో గీసుకుపోతాయి. సరఫరాదారు, కొనుగోలుదారు ఒకే రకం నమూనా వాడటం, దాన్ని మాస్టరుతో తరచూ సరిచూడటం తప్పనిసరి.

కమిటీ గదిలో

ఈ గొడవలన్నీ తెలిసిన నిపుణులు ఐఎస్‌ఓలో ఒక ప్రతిపాదన పెడితే అది పుస్తకం కావడానికి దశలున్నాయి. కొత్త ప్రతిపాదనకు 12 వారాల ఓటింగ్. ఓటేసిన క్రియాశీల సభ్య దేశాల్లో మూడింట రెండొంతుల ఆమోదం కావాలి, పైగా కమిటీ పరిమాణాన్ని బట్టి కనీసం నాలుగైదు దేశాలు నిపుణుల్ని ఇస్తామని మాటివ్వాలి. ఈ రెండో షరతు దగ్గరే చాలా ప్రతిపాదనలు ఆగిపోతాయి. బాగుందని ఓటేసే దేశాలు చాలా ఉంటాయి, మనిషిని పంపే దేశాలు తక్కువ. తర్వాత వర్కింగ్ డ్రాఫ్ట్, కమిటీ డ్రాఫ్ట్. దాని తర్వాత అన్ని సభ్య దేశాలకూ వెళ్లే డ్రాఫ్ట్ అంతర్జాతీయ ప్రమాణం, మళ్లీ 12 వారాల ఓటింగ్. ఇక్కడ క్రియాశీల సభ్యుల్లో మూడింట రెండొంతులు అనుకూలంగా ఉండాలి, మొత్తం ఓట్లలో వ్యతిరేకం నాలుగో వంతు మించకూడదు. చివరి డ్రాఫ్టుకు 8 వారాలు. ఆ దశలో సాంకేతిక మార్పులు ఉండవు. అచ్చయ్యాక ఐదేళ్లకోసారి సమీక్ష: ఉంచాలా, సవరించాలా, తీసేయాలా.

వ్యాఖ్యలు ఉపన్యాసాలుగా చెల్లవు. ఏ క్లాజు, ఏ పేరా, అది సాంకేతికమా భాషాపరమా, ఏం మార్చాలి, బదులుగా ఏ వాక్యం పెట్టాలి అని పట్టికలో నింపాలి. 'ఈ పద్ధతి సరిగా లేదు' అన్న వ్యాఖ్య పక్కకు పోతుంది. 'ఇక్కడ దీపం దూరం రాయలేదు, ఫలానా దూరం అని చేర్చండి, కారణం ఇదీ' అన్న వ్యాఖ్య చర్చకు వస్తుంది. కారణం చెప్పని వ్యతిరేక ఓటును లెక్కించరు. భాషలో కూడా కట్టుదిట్టం ఉంటుంది. తప్పనిసరి, సిఫారసు, అనుమతి, సాధ్యత అనే నాలుగింటికి నాలుగు వేర్వేరు క్రియాపదాలు. ఒక వాక్యంలో తప్పనిసరికి బదులు సిఫారసు పడితే దాన్ని పాటించకుండానే అనుగుణంగా ఉన్నామని చెప్పుకోవచ్చు.

పరీక్ష పద్ధతికి అన్నిటికంటే ముఖ్యమైన పని కమిటీ గదికి బయట జరుగుతుంది. ఒకే నమూనాల్ని వేర్వేరు దేశాల ప్రయోగశాలలకు తిప్పి, ముసాయిదా చదివి మాత్రమే కొలవమంటారు. దీన్ని రౌండ్ రాబిన్ అంటారు. ఒకే ల్యాబులో ఒకే మనిషి మళ్లీ కొలిస్తే వచ్చే తేడా ఎంత, ల్యాబుకూ ల్యాబుకూ వచ్చే తేడా ఎంత అన్నవి వేర్వేరుగా లెక్కిస్తారు. ఐఎస్‌ఓ 5725 ఆ లెక్కల కోసమే. మొదటి తేడా చిన్నదై రెండోది పెద్దదైతే పరికరాలు బాగానే ఉన్నట్టు, ముసాయిదాలో ఏదో చెప్పకుండా వదిలేసినట్టు. ఏ ల్యాబు ఆ ఖాళీని ఎలా పూరించుకుందో అడిగి, ఆ వాక్యాన్ని ముసాయిదాలోకి తెస్తారు. ఈ పని చేయకుండా వచ్చిన పరీక్ష ప్రమాణాన్ని నమ్మడం కష్టం.

కొలతలోని అనిశ్చితి ఎవరి నెత్తిన పడాలన్నదీ ముందే తేలాలి. ఐఎస్‌ఓ 14253-1 ఇచ్చే నియమం న్యాయంగా ఉంది: నిరూపించాల్సినవాళ్లే అనిశ్చితిని భరించాలి. ఆకృతి దోషం 100 నానోమీటర్లు మించకూడదనుకుందాం, కొలత అనిశ్చితి 20. సరఫరాదారు 80 లోపు చూపిస్తేనే అనుగుణమని చెప్పగలడు. కొనుగోలుదారు 120 దాటితేనే తిరస్కరించగలడు. మధ్యలో ఎవరూ ఏమీ నిరూపించలేరు. ఆ మధ్య భాగాన్ని తగ్గించాలంటే మెరుగైన కొలత ఒక్కటే దారి.

ఫ్రింజ్‌ల దగ్గర ఇంకో తికమక

ఐఎస్‌ఓ 10110లో ఐదో భాగం ఉపరితల ఆకృతికి సంబంధించినది. దాన్ని కాంతి తరంగాలు కలిసి ఏర్పరచే వెలుగు-చీకటి చారలతో, అంటే ఫ్రింజ్‌లతో, కొలుస్తారు. 3/2(0.5) అంటే వంపు తేడా 2 ఫ్రింజ్‌లు, అక్రమత 0.5 ఫ్రింజ్. ఒక ఫ్రింజ్ అంటే తరంగదైర్ఘ్యంలో సగం ఎత్తు. ప్రమాణంలో మూల తరంగదైర్ఘ్యం పాదరసపు ఆకుపచ్చ గీత, 546.07 నానోమీటర్లు. కాబట్టి ఫ్రింజ్ 273 నానోమీటర్లు. ల్యాబుల్లో ఎక్కువగా ఉండేది హీలియం-నియాన్ లేజర్ ఇంటర్‌ఫెరోమీటరు. దాని తరంగదైర్ఘ్యం 632.8 కాబట్టి ఫ్రింజ్ 316 నానోమీటర్లు. తెర మీద కనిపించిన ఫ్రింజ్‌ల సంఖ్యను 1.16తో గుణించకుండా నివేదికలో రాస్తే, దోషం 14 శాతం తక్కువగా కనిపిస్తుంది. తెర మీద 1.9 ఫ్రింజ్‌లు చూపిన లెన్స్ పాసైనట్టే ఉంటుంది. సరిగా మారిస్తే 2.2, అంటే ఫెయిల్. ఏడో భాగంలో వెలుతురు గురించి జరిగిన వాదనే ఇక్కడ తరంగదైర్ఘ్యం గురించి జరుగుతుంది. పైగా ఈ భాగపు కొత్త ముద్రణలు నానోమీటర్ల వైపు మళ్లాయి. డ్రాయింగులో యూనిట్, ప్రమాణం ముద్రణ సంవత్సరం రెండూ రాయకపోతే ఆ 2 ఫ్రింజ్‌లా, నానోమీటర్లా అన్న ప్రశ్న వస్తుంది.

కేటలాగుల్లో 'లాంబ్డా బై 10' అని రాసేది ఇంతకంటే అస్పష్టం. ఏ లాంబ్డా, ఉపరితలమా తరంగముఖమా, శిఖరం నుంచి లోయకా ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) లెక్కా అన్న మూడు ప్రశ్నలకూ జవాబుండదు. అద్దం మీద ప్రతిఫలించినప్పుడు ఉపరితల దోషం తరంగముఖంలో రెట్టింపవుతుంది కాబట్టి రెండో ప్రశ్న ఒక్కటే ఫలితాన్ని రెండింతలు మారుస్తుంది. శిఖరం నుంచి లోయకు కొలిస్తే ఒక్క దుమ్ము కణం, ఒక్క చెడ్డ పిక్సెల్ మొత్తం అంకెను పెంచేస్తుంది. మూడు బిందువుల దగ్గర లెన్స్‌ను గట్టిగా బిగిస్తే మూడు రేకుల ఆకారంలో దోషం కనిపిస్తుంది. అది బిగింపుది, లెన్స్‌ది కాదు. పాలిషింగ్ నుంచి తెచ్చిన వెంటనే కొలిస్తే వేడి సర్దుకోక అంకె జారుతూ పోతుంది. ఇంటర్‌ఫెరోమీటరు కొలతల కోసం ఐఎస్‌ఓ 14999 శ్రేణి ఉన్నది ఇందుకే.

కనెక్టరు కొనల దగ్గర

ఆప్టికల్ ఫైబర్ రంగంలో పని వేగంగా, శుభ్రంగా జరిగింది. దాన్ని చూసే సంస్థ అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్, ఐఈసీ. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే మధ్య భాగం, అంటే కోర్, వ్యాసం సుమారు 9 మైక్రాన్లే. ఒక దుమ్ము కణం కోర్ మీద కూర్చుంటే సిగ్నల్ పడిపోతుంది, వెనక్కి ప్రతిఫలిస్తుంది. 2009లో వచ్చిన ఐఈసీ 61300-3-35 కనెక్టరు కొనను వలయాలుగా విడదీసింది. మధ్య 25 మైక్రాన్లు 'ఏ' (A) మండలం, అక్కణ్నుంచి 120 దాకా బీ, జిగురు ఉండే వలయం సీ, 250 దాకా తాకిడి వలయం డీ. 45 డెసిబెళ్ల రిటర్న్ లాస్ (ఇది ఎంత ఎక్కువైతే వెనక్కి ప్రతిఫలించే కాంతి అంత తక్కువ) ఉండాల్సిన, కొనలు ఒకదాన్నొకటి తాకే సింగిల్ మోడ్ పీసీ కనెక్టరుకు 'ఏ' (A) మండలంలో గీత, గుంట ఏవీ ఉండకూడదు. బీ మండలంలో 3 మైక్రాన్ల లోపు గీతలు ఎన్నైనా ఉండొచ్చు, 2 నుంచి 5 మైక్రాన్ల గుంటలు ఐదు దాకా ఉండొచ్చు, అంతకంటే పెద్దవి ఉండకూడదు.

ఇక్కడ కమిటీకి కలిసొచ్చింది ఏమిటంటే లోపానికీ, నష్టానికీ మధ్య సంబంధాన్ని కొలవొచ్చు. గీత ఎక్కడ పడితే ఎంత రిటర్న్ లాస్ మారుతుందో ప్రయోగాలు చేసి, ఆ ఫలితాల నుంచి పరిమితులు తీయొచ్చు. చూసే పరికరం మైక్రోస్కోపు కాబట్టి, దాని సామర్థ్యాన్ని తెలిసిన పరిమాణపు గీతలున్న నమూనాతో సరిచూడొచ్చు. 2015లో, 2022లో సవరణలు వచ్చాయి. పని ఆధారంగా గీసిన మండలాలు అనే ఆలోచన లెన్స్ డ్రాయింగులకూ పనికొస్తుంది. ఐఎస్‌ఓ 10110లో లెన్స్ మధ్య భాగానికి ఒక టాలరెన్స్, అంచుకు మరొకటి ఇచ్చే వీలుంది. దాన్ని వాడుకునే డిజైనర్లు తక్కువ.

శక్తిమంతమైన లేజర్ల సంగతి

ఐఎస్‌ఓ 10110 సంకేతాల్లో 6/ లేజర్ దెబ్బకు తట్టుకునే పరిమితిది. పరీక్ష పద్ధతి ఐఎస్‌ఓ 21254. ఒక్కో చోట ఒక్కో పల్స్ కొట్టి చూడటం ఒక పద్ధతి, ఒకే చోట చాలా పల్సులు కొట్టడం ఇంకోటి. పరీక్షలో నమూనా పాడవుతుంది కాబట్టి అసలు లెన్స్‌తో పాటు అదే కోటింగ్ విడతలో పెట్టిన సాక్షి ముక్కను వాడతారు. ఇక్కడి చిక్కు గణాంకాలది. చదరపు మిల్లీమీటరుకు ఒక బలహీన బిందువు ఉందనుకుందాం. పరీక్ష పుంజం వ్యాసం 0.1 మి.మీ. అయితే ఒక చోట అది తగిలే అవకాశం 0.8 శాతం. పది చోట్ల కొట్టినా 8 శాతం లోపే. పరీక్ష బ్రహ్మాండంగా పాసవుతుంది. అసలు పరికరంలో 10 మి.మీ. పుంజం పడితే దాని కింద దాదాపు 80 బలహీన బిందువులుంటాయి, మొదటి రోజే కోటింగ్ కాలుతుంది. నివేదికలో పుంజం వ్యాసం, పల్స్ నిడివి, పరీక్షించిన చోట్ల సంఖ్య లేకుండా పరిమితి అంకె ఒక్కటే ఇస్తే అది ఎందుకూ పనికిరాదు. హైదరాబాద్‌లో డీఆర్‌డీవో అధిక శక్తి వ్యవస్థల కేంద్రం చెస్ లాంటివి ఉన్నాయి కనుక ఈ భాగం మనకు దూరపు సంగతి కాదు.

మన వైపు నుంచి చేయగలిగింది

మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. రాత్రి చూపు పరికరాలు అక్కడ తయారవుతున్నాయి. అంటే ఆప్టిక్స్ పని ఈ నేలకు కొత్త కాదు. ఐఎస్‌ఓలో భారత్ తరఫున సభ్యత్వం భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్‌ది. డ్రాఫ్ట్ ప్రమాణాలు దాని ద్వారానే దేశంలో వ్యాఖ్యలకు వస్తాయి, వ్యాఖ్యల పట్టిక పంపడానికి పెద్ద కంపెనీ అయి ఉండాల్సిన పని లేదు. ఒక చిన్న కోటింగ్ యూనిట్‌లో ఉక్కపోత, దుమ్ము మధ్య చేసే తనిఖీలో ఏ వాక్యం ఆచరణకు రాదో చెప్పగలిగేది అక్కడ పనిచేసేవాళ్లే. మనం మాట్లాడకపోతే చల్లటి, పొడి గదుల అనుభవమే ప్రమాణం అవుతుంది. ఆ తర్వాత టెండర్లలో అదే మనకు షరతుగా వస్తుంది.

వ్యాఖ్య పంపడానికి ముందే, ఇవాళే మార్చుకోగలిగింది డ్రాయింగు. ఉపరితల లోపాల వరుసలో ఏ పద్ధతో తేల్చి, ప్రమాణం సంఖ్య పక్కన ముద్రణ సంవత్సరం రాయాలి. పరీక్షించే ప్రాంతం వ్యాసాన్ని లెన్స్ వ్యాసానికి వేరుగా ఇవ్వాలి. తనిఖీ కోటింగ్‌కు ముందా తర్వాతా చెప్పాలి. మామూలు కంటితోనా, భూతద్దంతోనా, అయితే ఎన్ని రెట్లో రాయాలి. పోలిక నమూనా ఏ రకమో ఆర్డరులోనే ఒప్పుకుని, దాని క్రమసంఖ్యను తనిఖీ నివేదికలో వేయాలి. ఆకృతి వరుసలో యూనిట్, ఫ్రింజ్‌లైతే తరంగదైర్ఘ్యం ఉండాలి. ఈ వివరాలన్నీ కలిపినా డ్రాయింగులో నాలుగు వరుసలు మించవు.